నిక్కుచెవి గిట్ట చప్పుడు

రెండు ఎర్ర కొండల నడుమ మోదుగకోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, అడవిపందులు, అడవిదున్నలు, కొండముచ్చులు, ఏదుపందులు, ఇంకా చెప్పుకుంటూ పోతే పొద్దుగూకేటన్ని జీవాలు ఉండేవి. అడవి అంచున ఒక వాగు పారేది. వాగు అవతల ఊళ్ళవాళ్ళ పశువులు మేసేవి. ఇవతల మాత్రం అంతా అడవి జీవాలదే.

ఆ అడవిలోని దుప్పుల మందకు నిక్కుచెవి అనే ఆడ దుప్పి కాపలా కాసేది. అబ్బో, దాని అనుమానం ఇంతా అంతా కాదు! ఎండుటాకు రాలితే "ఎందుకు రాలింది?" అనేది. గాలి ఆగితే "ఎందుకు ఆగింది?" అనేది. పక్కనున్న దుప్పి తుమ్మినా సరే, దాని ముఖంకేసి అదోలా చూసేది.

అలాగని నిక్కుచెవిని వెటకారం చేయడానికి లేదు. ఆ అనుమానమే మందను ఎన్నోసార్లు కాపాడింది. పొదలో నక్కిన పులిని అందరికంటే ముందు అదే పసిగట్టింది. వేటగాళ్ళు ఆకుల కింద దాచిన ఉచ్చుల్ని వాసనతోనే కనిపెట్టింది. అందుకే మందలో దాని మాటకు తిరుగులేదు.

ఆ దుప్పులకు ఒక కట్టుబాటు ఉండేది. కాపలా దుప్పి ముందుకాలి గిట్టను నేలకేసి టప్‌మని కొడితే చాలు, మందంతా పరుగు తీయాలి. ఎందుకని అడగకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. అడుగుతూ నిలబడితే పులి నోట్లో పడ్డట్టే కదా మరి! గిట్ట చప్పుడు విని కూడా పరుగెత్తని దుప్పికి మందలో చోటు లేదు.

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టే వేళకు నిక్కుచెవికి ఒక ఆడపిల్ల పుట్టింది. దానికి గురివింద అని పేరు పెట్టుకుంది. పిల్ల పుట్టాక అనుమానం రెట్టింపైంది. సీతాకోకచిలుక వచ్చి పిల్ల మీద వాలబోతే "ఎవరు నువ్వు? నీకిక్కడేం పని?" అని గద్దించేది. ఆ పిల్ల అంటే దానికి అంత ప్రాణం.

ఒకరోజు పొద్దున్నే ముళ్ళవ్వ చౌటినేల దగ్గరికి వచ్చింది. చౌటినేల అంటే జంతువులన్నీ ఉప్పదనం కోసం మట్టి నాకే చోటు. ముళ్ళవ్వ అంటే ఒక ముసలి ఏదుపంది. దానికి నోరు కాస్త దురుసు. మనసు మాత్రం వెన్న.

"అందరూ వినండర్రా!" అంది ముళ్ళవ్వ. "వాగు అవతల పశువులకు గాలికుంటు తగిలింది. నోట్లో పొక్కులు, గిట్టల మధ్య పుళ్ళు. వానలు పడగానే అది వాగు దాటి మన దగ్గరికీ వస్తుంది. రాకముందే గిట్టలున్న ప్రతి ఒక్కరూ నా దగ్గర ముల్లు గుచ్చించుకోండి. వచ్చాక లబలబలాడితే నేనేం చేయలేను."

"ముల్లా! బాబోయ్!" అని అడవిపందులు గోల పెట్టాయి. గోల పెడుతూనే ఒకదాని వెనుక ఒకటి నిలబడ్డాయి. ముందు దున్నలు, తర్వాత పందులు, చివర దుప్పులు అని ముళ్ళవ్వ వంతులు వేసింది.

నిక్కుచెవికి మాత్రం అనుమానం వచ్చింది. అది తిన్నగా ముళ్ళవ్వ ముందుకెళ్ళి నిలబడింది.

"ఆ ముల్లు కొసకు ఏం పూశావు అవ్వా?"

"జబ్బునే పూశాను."

"జబ్బునే పూసి జబ్బు రాదంటావా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నావు?"

"పూర్తిగా విను తల్లీ. జబ్బుపడి లేచిన గొడ్డు పుండు మీది పక్కును ఎండలో ఎండబెట్టాను. కాలే బండ మీద మాడ్చాను. జబ్బు చచ్చిందని తేలాకే నూరాను. చచ్చిన జబ్బు ఎవరినీ ఏమీ చేయలేదు. కానీ దాన్ని చూసి ఒళ్ళు శత్రువును గుర్తుపెట్టుకుంటుంది."

"చూడ్డానికి ఒంటికేమైనా కళ్ళున్నాయా?"

ముళ్ళవ్వ కోప్పడలేదు. "నీకు పులి వాసన ఎవరు నేర్పారే?" అని అడిగింది.

"మా అమ్మ."

"పులి దగ్గరికి తీసుకెళ్ళి నేర్పిందా?"

"భలేదానివే! పులి ఒళ్ళు రుద్దుకుని పోయిన చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ బెరడు వాసన చూపించింది."

"అక్కడ పులి లేదు. అయినా నువ్వు పులిని నేర్చుకున్నావు. నా ముల్లూ అంతే. జబ్బు లేకుండానే ఒంటికి జబ్బును నేర్పుతుంది."

నిక్కుచెవికి ఆ మాట సబబుగానే అనిపించింది. అదే దానికి నచ్చలేదు. ఇంత తేలిగ్గా సబబనిపించే మాట వెనుక ఏదో మతలబు ఉండే తీరుతుంది అనుకుంది.

"మరి నా పిల్లకో?" అని అడిగింది.

"పాలు తాగే పిల్లలకు గుచ్చను. అంత చిన్న ఒళ్ళు ఈ పాఠం నేర్చుకోలేదు. తల్లులకూ, చుట్టూ ఉన్నవాళ్ళకూ గుచ్చితే జబ్బుకు పిల్లల దాకా వచ్చే దారే ఉండదు. నీ గురివిందకు కంచె మీరే."

నిక్కుచెవి ఇంకా అడిగింది. ముల్లు ఎంత లోతుకు దిగుతుంది? ఒకరికి గుచ్చిన ముల్లు ఇంకొకరికి గుచ్చుతావా? గుచ్చాక ఏమవుతుంది? ముళ్ళవ్వ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. గోరంత లోతు దిగుతుంది. ఎవరి ముల్లు వారిదే. ఒకటి రెండు పూటలు ఒళ్ళు నలతగా ఉంటుంది, తర్వాత లేచి మామూలుగా మేస్తారు. అంతా విని నిక్కుచెవి తల ఊపింది. తల ఊపిందే కానీ లోపల మాత్రం నమ్మలేదు.

అదే సాయంత్రం ముల్లు గుచ్చించుకున్న ఒక పెద్ద దున్న నీడలో పడుకుని ఉండడం చూసింది. దాని మెడ దగ్గర కాస్త వాచింది. కళ్ళు మూసుకుని నెమరు కూడా వేయకుండా ఉంది.

"చూశావా!" అనుకుంది నిక్కుచెవి. ఒళ్ళు నలతగా ఉంటుందని పొద్దున ముళ్ళవ్వ చెప్పిన మాట దానికి గుర్తు రాలేదు. మర్నాడు ఆ దున్న లేచి గడ్డి పరపర మేస్తుంటే చూడడానికి అది మళ్ళీ అటు పోనూ లేదు.

ఆ సాయంత్రం నిక్కుచెవి దున్నను చూస్తుండగానే పొదల వెనుక నుంచి ఒక దుమ్ములగొండి వచ్చింది. చచ్చిన జంతువుల్ని తిని బతికే జీవి అది. ఎముకల్ని సైతం కరకర నమిలేస్తుంది. దుప్పికి దూరంగా, మర్యాదగా కూర్చుంది.

"ఏం చెల్లెమ్మా, దిగులుగా ఉన్నావు?" అని పలకరించింది.

"ముల్లు సంగతి ఆలోచిస్తున్నానన్నా."

"నాకెందుకులే, నా గిట్టలా, నా పుళ్ళా? కానీ పిల్లతల్లివి, చెప్పకుండా ఉండలేను. ముల్లు వాసన ఒంట్లోనే ఉండిపోతుందట. ఆ వాసన పట్టుకుని చిరుత తిన్నగా వస్తుందట. అసలు చిరుత ముళ్ళవ్వ జోలికి ఎందుకు పోదో ఎప్పుడైనా ఆలోచించావా? నేను చూశానని అనను సుమా. విన్నాను, అంతే."

పిల్లలూ, ఒంటినిండా బారెడు ముళ్ళున్న దాని జోలికి చిరుత ఎందుకు పోతుంది? మూతి పచ్చడి చేసుకోవడానికా? ఆ మాత్రం మీకూ తెలుసు, నాకూ తెలుసు. నిక్కుచెవికీ తెలియకపోలేదు. కానీ భయం పట్టుకున్నాక తెలిసినవి కూడా గుర్తు రావు.

ముళ్ళవ్వను అన్నేసి ప్రశ్నలడిగిన నిక్కుచెవి దుమ్ములగొండిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎవరు చెప్పారని అడగలేదు. చెబితే నీకేం లాభమని అడగలేదు. "నాకు ముందే తెలుసు!" అని మాత్రం అనుకుంది. ఆ రాత్రి గురివిందను పొదివి పట్టుకుని కంటి మీద కునుకు లేకుండా గడిపింది.

దుప్పుల వంతు వచ్చింది. మందంతా చౌటినేల దగ్గర నిలబడింది. వరుసలో మొదట నిక్కుచెవి చెల్లెలు తేనెచుక్క ఉంది. దానికీ ఒక పిల్ల ఉంది. ముళ్ళవ్వ తన వీపు మీది నుంచి ఒక కొత్త ముల్లు ఊడదీసి, మందులో ముంచింది.

నిక్కుచెవి గుట్ట మీద నిలబడి చూస్తోంది. దాని గుండె దడదడలాడుతోంది. గాలిని పీల్చింది. పులి వాసన లేదు. చిరుత వాసన లేదు. మనిషి వాసన లేదు. అయినా ఆగలేకపోయింది. ముందుకాలు ఎత్తి గిట్టను నేలకేసి కొట్టింది.

టప్!

అంతే. మంద చెల్లాచెదురుగా లేచిపోయింది. పిల్లలు తల్లుల వెంట, తల్లులు ఎటు వీలైతే అటు. కన్ను మూసి తెరిచేలోగా చౌటినేల మీద దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

దుమ్ము అణిగాక చూస్తే తేనెచుక్క ఒక్కటే తన పిల్లతో అక్కడ నిలబడి ఉంది. అదీ పరుగెత్తబోయింది, కాలు కూడా ఎత్తింది. కానీ చెట్టు మీద కొండముచ్చు తీరిగ్గా పేలు చూసుకుంటోంది. పులి కనబడితే చెట్టు మీంచి కేకలు పెట్టేది అదే. అది చూసి తేనెచుక్క ఆగిపోయింది.

"కానివ్వు అవ్వా," అంది తేనెచుక్క కళ్ళు గట్టిగా మూసుకుని.

ముళ్ళవ్వ చటుక్కున గుచ్చింది. "హుష్! అయిపోయింది, కళ్ళు తెరువు," అంది. తర్వాత ఖాళీ చౌటినేల వైపు చూసి పెద్దగా నిట్టూర్చింది.

తేనెచుక్క మంద దగ్గరికి తిరిగొచ్చింది. నిక్కుచెవి దానికి అడ్డంగా నిలబడింది.

"గిట్ట చప్పుడు విన్నావా?"

"విన్నానక్కా."

"విని కూడా పరుగెత్తలేదు. ఇక నీకిక్కడ చోటు లేదు. ఆ ముల్లు వాసన మోసుకుంటూ నా పిల్ల పక్కకి రాకు!"

"అక్కా, నీకు ఏం వాసన వచ్చిందో అదైనా చెప్పు."

"నన్నే ఎదురు ప్రశ్నిస్తావా? పో!"

తేనెచుక్క తన పిల్లను తీసుకుని కళ్ళనీళ్ళతో గుట్ట అవతలికి వెళ్ళిపోయింది. అది వెళ్తుంటే అడ్డుపడిన దుప్పి ఒక్కటీ లేదు. ముళ్ళవ్వ మళ్ళీ మళ్ళీ కబురు పంపింది. దుప్పులు రాలేదు. ముళ్ళవ్వ నీడ కనిపిస్తే చాలు, గిట్ట టప్పుమనేది.

వానలు పడ్డాయి. కొత్త గడ్డి మొలిచింది. వాగు అవతలి పశువులు తాగిన నీళ్ళే ఇవతల దుప్పులూ తాగాయి.

ఒకరోజు పొద్దున ఒక పడుచు దుప్పి మేత మానేసి నిలబడింది. నోటి నుంచి చొంగ కారుతోంది. నిక్కుచెవి దాని చుట్టూ తిరిగి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఏమీ తెలియలేదు. పులికి వాసన ఉంది, ఉచ్చుకు వాసన ఉంది. ఈ శత్రువుకు ఏ వాసనా లేదు.

ఏం చేయాలో దానికి తోచలేదు. తెలిసిన పని ఒక్కటే. గిట్ట తట్టింది. మంద పరుగెత్తింది. జబ్బు కూడా మందతోపాటే పరుగెత్తింది.

కొత్త చోట ఇంకొన్ని దుప్పులు పడ్డాయి. మళ్ళీ తట్టింది. మళ్ళీ పరుగెత్తాయి. పుళ్ళు పడ్డ గిట్టలతో పరుగెత్తడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. కుంటుతూ, మూలుగుతూ వచ్చి ఒక్కొక్కటే కూలబడ్డాయి. దున్నలు, పందులు మాత్రం ఎప్పటిలాగే మేస్తున్నాయి.

చివరికి నిక్కుచెవి నోట్లోనూ పొక్కులు లేచాయి. కాళ్ళు మండిపోతున్నాయి. పొదుగు మీద కూడా పుళ్ళు పడ్డాయి. గురివింద పాలకోసం వచ్చి మూతి పెట్టబోతే నిక్కుచెవి నొప్పికి కెవ్వుమంది. పిల్ల బెదిరి వెనక్కి పోయింది. ఆకలికి సన్నగా అరవసాగింది.

ఎదురుగా బండ మీద ఎవరో కూర్చున్నారు. దుమ్ములగొండి!

"ఏం లేదు చెల్లెమ్మా, ఎలా ఉన్నారో చూసిపోదామని," అంది. దాని కళ్ళు మాత్రం గురివింద మీదే ఉన్నాయి. ఈ వానల్లో దుమ్ములగొండి బాగా ఒళ్ళు చేసింది. పొట్ట నేలకు వేలాడుతోంది.

నిక్కుచెవి దాన్ని మొదటిసారి తేరిపార చూసింది. పడ్డ దుప్పులు ఏమయ్యాయో, ఆ పొట్ట ఎలా పెరిగిందో అప్పుడు దానికి అర్థమైంది.

"ముల్లు వాసనకు చిరుత వస్తుందని నీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది.

దుమ్ములగొండి ఆవులించింది. "ఇప్పుడా అడగడం?" అంది.

ఇంతలో ఆకులు గలగలమన్నాయి. ముళ్ళవ్వ వచ్చింది. దాని వెనుక తేనెచుక్క వచ్చింది. ముళ్ళవ్వ ముళ్ళు విదిల్చేసరికి దుమ్ములగొండి తోక ముడిచి పొదల్లోకి జారుకుంది. అప్పుడు చూసింది నిక్కుచెవి. ముళ్ళవ్వ వీపు సగం బోడిగా ఉంది. అడవిలో ఎందరికి గుచ్చిందో అన్ని ముళ్ళూ ఊడిపోయాయి. చిరుత వస్తే కాచుకోవడానికి ఉన్నవే ఆ ముళ్ళు.

"అవ్వా, నాకు ఇప్పుడు గుచ్చు! నీ కాళ్ళు పట్టుకుంటాను," అంది నిక్కుచెవి.

"పులి పీక పట్టుకున్నాక చెట్టు వాసన చూపిస్తే ఏం లాభం తల్లీ? ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే. నీ పిల్లకు ఇంకా జబ్బు తగల్లేదు. వెంటనే నీ దగ్గర నుంచి తీసేయాలి."

తేనెచుక్క ముందుకొచ్చింది. "నాకు పాలున్నాయక్కా. నా బిడ్డతోపాటు తాగుతుంది. నాకు జబ్బు రాదు, దానికి నేను అంటించను," అంది. పొమ్మన్న మాట ఎత్తలేదు.

గురివింద అమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పోయేముందు ఒక్కసారి దాని నుదురు నాకాలని నిక్కుచెవి నాలుక చాపింది. నోటి నిండా పొక్కులున్నాయని గుర్తొచ్చి ఆగిపోయింది. ముఖం పక్కకు తిప్పుకుంది. పిల్ల అరుచుకుంటూ పిన్ని వెంట వెళ్ళిపోయింది. ఆ అరుపు గుట్ట దాటేదాకా వినబడుతూనే ఉంది.

వానలు వెనకబట్టే వేళకు జబ్బు తగ్గింది. కానీ ఆ ఏడు పుట్టిన దుప్పిపిల్లల్లో చాలామటుకు మిగల్లేదు. గురివింద బతికింది. నిక్కుచెవి కూడా బతికింది. దాని ముందుకాలి గిట్ట మాత్రం చీలి ఊడిపోయింది. ఎన్నోసార్లు నేలకేసి కొట్టిన గిట్టే అది.

మిగిలిన మంద చౌటినేల దగ్గర మళ్ళీ కూడింది. పొగడ అనే దుప్పి నిక్కుచెవి దగ్గరికి వచ్చింది. దాని పిల్ల పోయింది. అది అరవలేదు, తిట్టలేదు.

"ఆ రోజు ముళ్ళవ్వ ముల్లు తీసింది. నువ్వు గిట్ట తట్టావు. నేను నా పిల్లను తీసుకుని పరుగెత్తాను," అంది పొగడ. "అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజు నీకు ఏం వాసన వచ్చింది?"

మందంతా నిక్కుచెవి వైపు చూసింది. అది తల వంచుకుంది.

"ఏ వాసనా రాలేదు," అంది. "భయమేసింది. అంతే."

పొగడ వెనుదిరిగి వెళ్ళి తన పిల్ల ఎప్పుడూ పడుకునే పొద దగ్గర నిలబడింది. నిక్కుచెవి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పటినుంచి మందకు తేనెచుక్క కాపలా కాయసాగింది. కట్టుబాటులో ఒక మాట కొత్తగా చేరింది. గిట్ట చప్పుడైతే ముందు పరుగెత్తాలి. పరుగు ఆగాక మాత్రం, ఏం వాసన వచ్చిందో కాపలా దుప్పి అందరికీ చెప్పాలి.

మళ్ళీ ఎండాకాలం చివరికొచ్చింది. ముళ్ళవ్వ వీపు మీద కొత్త ముళ్ళు మొలిచాయి. చౌటినేల దగ్గర దుప్పులు వరుస కట్టాయి. ఆ వరుసలో అందరికంటే ముందు నిక్కుచెవి కుంటుకుంటూ వచ్చి నిలబడింది. ముల్లు గుచ్చించుకుని పక్కకు జరిగింది. వెనుక గురివింద ఉంది. ఇప్పుడది పాలు మానేసి గడ్డి మేస్తోంది.

"అమ్మా, ఆ ముల్లుకు ఏం పూశారు?" అని అడిగింది గురివింద. అచ్చం తల్లి పోలికే!

"నన్ను కాదు, అవ్వను అడుగు. తెలిసేదాకా అడుగు. చెప్పాక మాత్రం విను," అంది నిక్కుచెవి.

ముళ్ళవ్వ మళ్ళీ మొదటి నుంచి అంతా చెప్పింది. గురివింద విని, మెడ చాపింది. "అబ్బా!" అంది. అంతలోనే అయిపోయింది.

పొద్దువాలే వేళ పొదల వెనుక నుంచి దుమ్ములగొండి వచ్చింది. తిండి దొరక్క ఎముకల గూడులా ఉంది. దూరంగా, మర్యాదగా కూర్చుంది.

"ఏం పాపా, ముల్లు గుచ్చించుకున్నావా? అయ్యో! దానివల్ల ముందుముందు ఏమవుతుందో విన్నావా?" అంది.

నిక్కుచెవి అడ్డురాలేదు. పిల్ల ఏమంటుందో అని చూస్తోంది.

గురివింద చెవులు నిక్కబొడుచుకుంది. దుమ్ములగొండిని ఎగాదిగా చూసింది. "ఎవరు చెప్పారు?" అని అడిగింది. "వాళ్ళకెలా తెలుసు? అది నాకు చెబితే నీకేం లాభం?"

దుమ్ములగొండి తల గోక్కుంది. లేచి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. నిక్కుచెవి పిల్ల దగ్గరికి వెళ్ళి, ఆనాడు నాకలేకపోయిన బాకీ కూడా తీరేలా దాని నుదురు నాకింది.

నీతి: అనుమానం వస్తే అడిగి తెలుసుకోవాలి, భయపెట్టే మాటను కూడా అలాగే నిలదీయాలి, జబ్బు రాకముందే కాచుకున్నవారు తమతోపాటు చుట్టూ ఉన్న పసివాళ్ళనూ కాపాడుతారు.